భయమున్నప్పుడు టీకా లేదు

శ్రోతలకు నమస్కారం. బరంపురంలో ఒక యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను, డాక్టర్ని కాను. అయినా టీకా గురించి మాట్లాడమన్నారు, టీకా వద్దనడంలో నాకు మంచి అనుభవం ఉంది మరి.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది, గుర్తుందా? జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారి అంది, ఆగస్టులో పుణేలో మన దేశంలో తొలి మరణం. అంతే, మా సెక్షన్లో అందరం మూతికి తువ్వాళ్లు కట్టుకుని ఫైళ్లు చూశాం, టీకా ఎప్పుడొస్తుందని రోజూ అడిగాం. అది కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేసే మందు, నెలలు పడుతుంది. మన దేశంలో తయారైన సూదిమందు, తర్వాత ముక్కులో కొట్టే మందు 2010 జూన్, జూలైలలో బజారుకొచ్చేసరికి మా భయం కాస్తా పోయింది. "ఇప్పుడెందుకండీ" అన్నాడు పక్క సీటాయన. నేనూ సరే అన్నాను.

సైన్సు చెప్పే మాస్టారు తన ఒంట్లో రోగనిరోధక శక్తి బాగానే ఉందన్నారు. అటెండరేమో సూది వేస్తేనే జ్వరం వస్తుందట అన్నాడు. ఇద్దరి మాటా ఒకటే, "వద్దు" అని, ఒకటి ఇంగ్లీషులో, ఇంకోటి ఒడియా కలిసిన తెలుగులో. నిజానికి ఆ సూదిమందులో ఉండేది చచ్చిన వైరస్, ఫ్లూ తెప్పించలేదు. చెయ్యి నొప్పి, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం ఉంటాయి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోపు ఎక్కడో తగిలిన జలుబును కూడా టీకా ఖాతాలో రాసేస్తాం.

భయమంతా గాలికబురని కూడా అనను. 1976లో అమెరికాలో నాలుగు కోట్ల మందికి పైగా ఫ్లూ టీకా వేస్తే, లక్షకు ఒకరు చొప్పున అదనంగా నరాల జబ్బు కనిపించి ఆపేశారు.

మేం అసలు పొరబడింది ఇంకోచోట. ఫ్లూ అంటే ముసలివాళ్ల జబ్బనుకున్నాం. 2009 వైరస్ చిన్నవయసు వాళ్లనే ఎక్కువ పట్టింది, అరవై అయిదు దాటినవాళ్లకి తక్కువ సోకింది, అలాంటి పాత వైరస్‌లు వాళ్ల ఒంటికి ముందే తెలుసు గనక. మా కౌంటరు ముందు దగ్గుతూ నిలబడేది హాస్టల్ పిల్లలే. ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతరకి నెల్లాళ్లు ఒరుసుకుని తిరిగే ఊరు మాది, ఎడంగా నిలబడమంటే ఎవరు వింటారు!

2021లో కోవిడ్ టీకా క్యాంటీన్ పక్కనే వేశారు. ఆ అటెండరే ముందు వేయించుకుని మర్నాడు మామూలుగా టీ తెచ్చాడు. మధ్యాహ్నానికి మా సెక్షనంతా క్యూలో ఉంది, మాస్టారితో సహా.