పెద్దాయన మళ్లీ ఎందుకు రాలేదు?

శ్రోతలకు నమస్కారం.

మా నాయనకు 78 ఏళ్లు. అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో చెనక్కాయ పంటను నమ్ముకుని బతికిన మనిషి. మా అమ్మ పోయాక టౌన్‌లో మా దగ్గరికి వచ్చేశారు. పొద్దున మేమిద్దరం ఉద్యోగాలకు, పిల్లలు కాలేజీకి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఆయనొక్కరే. టీవీ పెట్టుకుంటారు కానీ చూడరు. ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడుతూ ఉండాలని పెట్టుకుంటారు.

మా ఇంటికి 2 కిలోమీటర్ల దూరంలో వయసు మళ్లినవాళ్లు కూర్చుని కాలక్షేపం చేసేందుకు కట్టిన భవనం ఒకటుందని తెలిసి, ఒక ఆదివారం ఆటోలో తీసుకెళ్లాను. దాని పేరు చెప్పను. ఆ తర్వాత నేను మాట్లాడిన పెద్దవాళ్లు వేరే చోట్ల గురించి కూడా ఇలాగే చెప్పారు కాబట్టి, ఒక్కరిని వేలెత్తి చూపించి లాభం లేదు.

గేటుకు తాళం ఉంది. ఎదురుగా బంకులో అడిగితే తాళంచెవి వెనక వీధిలో ఉంటుందన్నారు. 20 నిమిషాలు ఎండలో నిలబడ్డాక ఒక అబ్బాయి వచ్చి తీశాడు. "మెంబర్లా?" అన్నాడు. కాదు, చూసిపోదామని వచ్చామంటే, "సెక్రటరీ సార్ సాయంత్రం వస్తారు, ఆయన్నే అడగండి" అన్నాడు. లోపలికి రండి అనలేదు, కూర్చోండి అనలేదు. మా పల్లెల్లో గడప తొక్కినవాళ్లకు ముందు చెంబుతో నీళ్లిచ్చి, ఆ తర్వాతే ఏం పని మీద వచ్చారని అడుగుతారు. మా నాయన ఆ పద్ధతిలో పెరిగినాయన. కండువా సర్దుకుని, పిలవని పెళ్లికి వచ్చినట్టు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

హాలు పెద్దదే. గోడకు నల్లరాతి శిలాఫలకం, దాని నిండా ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ల పేర్లు. ఫ్యాన్ల రెక్కల మీద కూడా దాతల పేర్లున్నాయి. ఫ్యాన్లు తిరగడం లేదు కాబట్టి మా నాయన తల పైకెత్తి ఒక్కో రెక్కా చదువుకున్నారు. క్యారమ్ బోర్డు గోడకు ఆనించి ఉంది, స్ట్రైకర్ లేదు. స్టాండులో ఉన్న పేపరు నాలుగు రోజుల కిందటిది. ఒక మూలన వాటర్ కూలర్, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. కొళాయి తిప్పితే చుక్క రాలేదు.

బాత్‌రూమ్ భవనం వెనక ఉంది. మూడు మెట్లు దిగాలి. నున్నటి టైల్స్, వాటి మీద తడి. గొంతుక్కూర్చునే రకం, పట్టుకోవడానికి గోడకు ఏమీ లేదు. బయటికొచ్చి మా నాయన అన్నారు: "నీళ్ల పైపు పట్టుకుని లేచినానమ్మా. అది ఊగింది."

ఇంటికొచ్చాక "ఎట్లుంది నాయనా?" అని అడిగితే "బాగుందిలేమ్మా" అన్నారు. నేను నమ్మేశాను.

మూడు వారాల తర్వాత ఆయన చొక్కా చేయి మడిచినప్పుడు మోచేతి దగ్గర చెక్కు కట్టిన గాయం కనపడింది. గట్టిగా అడిగితే చెప్పారు. నాకు తెలియకుండా ఒక గురువారం ఒక్కరే అక్కడికి మళ్లీ వెళ్లారు. ఆ రోజు తలుపు తెరిచే ఉంది. ఇద్దరు పేకాడుకుంటున్నారు, ఈయన్ని చూసి మళ్లీ ముక్కల్లోకి తల దించుకున్నారు. కాసేపు కూర్చుని, బాత్‌రూమ్‌కని వెనక్కి వెళ్లి, మెట్ల దగ్గర జారారు. ఎవరినీ పిలవలేదు. లేచి ఇంటికి నడుచుకుంటూ వచ్చేశారు. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "చెప్తే నువ్వు పోయి వాళ్లతో కొట్లాడతావు" అన్నారు.

నేను వెళ్లాను. కొట్లాటకు కాదు, కనుక్కోవడానికి. కమిటీ పెద్దమనిషి ఒకాయన మర్యాదగానే మాట్లాడారు. "ఎవరూ రారమ్మా. వచ్చేవాళ్లుంటే మేం రోజంతా తెరిచి పెట్టమా?" అని రిజిస్టరు తెచ్చి చూపించారు. మొదటి పేజీల్లో సంతకాలు, వేలిముద్రలు కిక్కిరిసి ఉన్నాయి. పోను పోను రోజుకు ఇద్దరు, ముగ్గురు. మా నాయన రెండుసార్లు వచ్చిన సంగతి అందులో ఎక్కడా లేదు, ఎందుకంటే సంతకం పెట్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు. వచ్చి, బాధపడి, నోరు మెదపకుండా వెళ్లిపోయిన ముసలివాళ్లందరూ ఆ పుస్తకంలో "ఎవరూ రారు" అనే లెక్క కిందికి వెళ్లిపోయారు. నా బాధంతా ఇక్కడే ఉంది శ్రోతలారా. సర్వీసు బాగాలేకపోతే కుర్రవాళ్లు గొడవ చేస్తారు, ఫోన్‌లో వీడియో తీస్తారు. పెద్దవాళ్లు మళ్లీ రారు, అంతే.

బాత్‌రూమ్ గురించి ఇంత చెప్తున్నానని ఏమీ అనుకోకండి. షుగరున్నవాళ్లకు, ప్రొస్టేటు సమస్య ఉన్నవాళ్లకు, బీపీకి నీళ్ల మాత్రలు వేసుకునేవాళ్లకు గంటకోసారి వెళ్లాల్సి వస్తుంది. సౌకర్యం లేని చోటికి వెళ్లాలంటే చాలామంది పొద్దుటి నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం కూడా తగ్గుతుంది. మన ఎండల్లో ఈ రెండూ కలిస్తే కళ్లు తిరిగి పడిపోవడం ఎంతసేపు? ఆ భవనం ముందువైపు ర్యాంపు ఒకటుంది. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఇక్కడిది మోటార్‌సైకిళ్లు ఎక్కించడానికి పోసినట్టు నిట్టనిలువుగా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లు, పెద్దవాళ్లు కనపడిన చోటల్లా ఆగి అడిగాను. టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతున్న రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ ఒకాయన అన్నారు: "పది నుంచి ఐదు దాకా తెరుస్తారంట. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ టైముకు ఏ ముసలోడు బయటికొస్తాడమ్మా? మాకు కావల్సింది పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది." టైము పెట్టినవాళ్లు ఆఫీసు టైము పెట్టారు, అంతే. ఆయనదే ఇంకో మాట. టీ బంకు దగ్గరైతే వచ్చేపోయే జనం కనపడతారట. ఊరి బయట ఖాళీ జాగాలో కట్టిన హాల్లో గోడలు తప్ప ఏం చూడాలి అన్నారు. మన పల్లెల్లో రచ్చకట్ట ఊరి నడుమ ఎందుకుంటుందో నాకు ఆయన మాటలతో తెలిసింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఇద్దరు కొడుకులూ బెంగళూరులో ఉన్న ఒక పెద్దమ్మ, తోటికోడలితో కలిసి అలాంటి కేంద్రానికే వెళ్లిందట. ఆడవాళ్ల గది అని బోర్డున్న తలుపు తీస్తే లోపల విరిగిన కుర్చీలు, షామియానా తాళ్లు ఉన్నాయి. హాలును ఫంక్షన్లకు అద్దెకిస్తారు, ఆ సామాను అది. "పింఛను 4 వేలు ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తారు తల్లీ. మాట్లాడే మనిషిని ఎవరు తెచ్చిస్తారు?" అని అడిగింది. నేనేం జవాబు చెప్పగలను?

హాలు అద్దెకివ్వడం కమిటీవాళ్ల దురాశ అని నేననను. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, శిలాఫలకం మీద పేరుంటుంది కాబట్టి. కరెంటు బిల్లుకు, ఊడ్చే మనిషి జీతానికి ఎవరూ ఇవ్వరు. కమిటీలో ఉన్నవాళ్లూ 70 దాటినవాళ్లే, ఓపిక లేనివాళ్లే. తాళంచెవి తెచ్చిన ఆ అబ్బాయి పగలంతా ఇంకోచోట పని చేసుకుంటున్నాడు.

చట్టం మాట కూడా కొంచెం చెప్పుకోవాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 ఏళ్లు నిండినవాళ్లందరూ వయోవృద్ధులే. పిల్లలు చూడకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆసుపత్రిలో పెద్దవాళ్లకు వేరే క్యూ ఉండాలి. జిల్లాకొకటైనా, 150 మంది నిరుపేదలు ఉండగల వృద్ధాశ్రమం గురించి కూడా అందులో ఉంది. ఇవన్నీ కావల్సినవే. కానీ మా నాయనలాంటివాళ్లు, అంటే తిండికి లోటు లేకుండా మాటకు లోటున్నవాళ్లు, ఈ లెక్కల్లో కనపడరు. వాళ్లకంటూ ఉన్న చోటు ఇలాంటి హాళ్లే. అందుకే వాటిని వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏ ఇబ్బంది ఉన్నా 14567 నంబరుకు ఫోన్ చేయండి. అది పెద్దవాళ్ల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్, ఫోన్‌కు డబ్బులు పడవు.

పోయిన సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు వెళ్లి అర్జీ ఇచ్చాను. 11 మంది పెద్దవాళ్ల సంతకాలు, ముగ్గురి వేలిముద్రలు ఉన్నాయి దాని మీద. బాత్‌రూమ్ గోడకు రెండు స్టీలు రాడ్లు, మెట్లకు పట్టుకునే కమ్మీ, తాగే నీళ్లు, పొద్దున సాయంత్రం తెరిచే టైము, ఆడవాళ్ల గది ఖాళీ చేయడం. ఇంతే రాశాను. ముందురోజు రాత్రి మా నాయనకు చదివి వినిపించాను. అంతా విని, "ఇంకొకటి రాయి" అన్నారు.

"ఏంది నాయనా?"

"గుమ్మం కాడ ఒక కుర్చీ ఎయ్యమను. చెప్పులు ఇడిచేటప్పుడు, తొడుక్కునేటప్పుడు కూర్చోను."

అది కూడా రాశాను. అర్జీ ఇచ్చిన రసీదు ఆయనే అడిగి తీసుకుని కళ్లజోడు పెట్టెలో దాచుకున్నారు. రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అడుగుతున్నారు, "ఏమన్నా చెప్పినారామ్మా?" అని.

నమస్కారం.