జనరల్ గారి గురించి పది నిమిషాలు

(చిత్తూరులో మాజీ సైనికులు జరుపుకున్న విజయ్ దివస్ సభలో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారి ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకి, మెడల్స్ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకి, కలికిరి సైనిక్ స్కూలు ఎంట్రన్సుకి చదువుతున్న పిల్లలకి, ఆదివారం పూట వాళ్ళని ఇక్కడికి లాక్కొచ్చిన తల్లిదండ్రులకి నమస్కారం. ఇంకొన్ని పేర్లు కూడా చెప్పమని అధ్యక్షులు చీటీ రాసిచ్చారు. అందులో సగం మంది ఇంకా రాలేదు. వచ్చినాక చెబుతాను.

ముందు ఈ ఫ్లెక్సీ సంగతి. నా వెనక 'జనరల్ కె.వి. కృష్ణారావు గారికి ఘన నివాళి' అని ఇంతింత అక్షరాలతో ఉంది. బొమ్మ మాత్రం మానెక్‌షా గారిది! ఫ్లెక్సీ కొట్టిన పిల్లోణ్ణి నేనేమీ అనను. ఇండియా మిలిటరీ జనరల్ అని ఫోన్లో వెతికితే ముందు కనబడేది ఆ మీసమే. 1971లో, మనం ఇవాళ తలుచుకుంటున్న బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, ఆర్మీ ఛీఫ్ మానెక్‌షానే, కాదనడానికి లేదు. అయినా పెళ్ళి పత్రికలో ఒకరి పేరేసి ఇంకొకరి ఫోటో వేస్తే ఊరుకుంటామా? తెలుగువాళ్ళలో ఆర్మీ ఛీఫ్ అయిన మొదటి మనిషి ముఖం మనలో ఎవరికీ గుర్తు లేదు, అదీ విషయం. పొద్దున ఫ్లెక్సీ కట్టినప్పటి నుంచి దాని కింద ఎంతమంది సెల్ఫీలు దిగారో చూశాను. ఒక్కరూ అడగలేదు.

సరే. కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1923 జూలై 16న పుట్టారు. ఊరు శ్రీకాకుళం జిల్లా లుకలాం, నరసన్నపేట దగ్గర. అప్పుడు ఆ ఊరూ మన చిత్తూరూ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీయే. 1942 ఆగస్టులో సైన్యంలో ఆఫీసరయ్యారు. క్విట్ ఇండియా అంటూ దేశం అట్టుడికిపోతున్న నెల అది. ఒకపక్క ఆయన ఈడు పిల్లలు జైళ్ళకు పోతున్నారు, ఈయన తెల్లవాడి సైన్యంలో చేరాడు. పిల్లలూ, ఇది తప్పా ఒప్పా అని నన్ను అడగొద్దు. ముప్పై నాలుగేళ్ళు సోషల్ చెప్పినా నాకు తేలలేదు.

నేను ఆగాలనుకున్న చోటు మాత్రం ఇది. ఆయన చేరింది మహర్ రెజిమెంటులో. రెండో బెటాలియన్.

మహర్ అంటే ఎవరో తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ... ముందు వరసే ఎత్తింది. వెనక ఎవరూ లేరు. మహర్లు మహారాష్ట్రలో అంటరానివాళ్ళన్న కులం. అంబేద్కర్ గారి కులం. ఆయన తండ్రి సైన్యంలో సుబేదారు. 1818లో కోరెగావ్ దగ్గర ఇంగ్లీషువాడి తరఫున మరాఠాల పీష్వా సైన్యంతో పోరాడినవాళ్ళలో మహర్లు ఉన్నారు. అట్లాంటి వాళ్ళని 1890ల్లో అదే ఇంగ్లీషువాళ్ళు 'మీరు యుద్ధానికి పనికొచ్చే జాతి కాదు' అని చేర్చుకోవడం మానేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడితే మళ్ళీ చేర్చుకున్నారు, యుద్ధం అయిపోగానే ఆ పటాలాన్ని రద్దు చేశారు. పెళ్ళిలో వంట మనిషికి జరిగే మర్యాద! 1941లో, ఇంకో యుద్ధం నెత్తిమీదికొచ్చాక, అంబేద్కర్ గారు పట్టుబట్టాక, బెల్గాంలో మహర్ రెజిమెంటు పుట్టింది. ఆ మరుసటి ఏడే మన శ్రీకాకుళం కుర్రాడు, పంతొమ్మిదేళ్ళవాడు, అందులోకి పోయాడు. వాళ్ళతో బర్మా, బలూచిస్తాన్ తిరిగాడు. ఇదే రెజిమెంటు నుంచి తర్వాత సుందర్జీ కూడా ఛీఫ్ అయ్యారు. పనికిరాని జాతి అన్నారే, వాళ్ళ పటాలం ఇద్దరు ఛీఫులనిచ్చింది!

చీటీ వచ్చింది. 'త్వరగా 1971కి రండి' అని. వస్తున్నాను సార్.

1971లో ఆయన మేజర్ జనరల్, 8వ మౌంటెన్ డివిజన్ కమాండరు. నాగాలాండ్, మణిపూర్ కొండల్లో ఉన్న డివిజన్‌ని అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోని, సిల్హెట్ మీదికి నడిపించారు. పైన కోర్ కమాండరు సగత్ సింగ్. సిల్హెట్ అంటే టీ తోటలు, వాగులు, బురద. శంషేర్‌నగర్, మౌల్వీబజార్ పట్టుకుంటూ పోయారు. డిసెంబర్ 7న గూర్ఖాలను, అయిదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్‌ని, ఎంఐ-4 హెలికాప్టర్లలో సిల్హెట్ పక్కన దించారు. మన సైన్యం హెలికాప్టర్లలో దిగి యుద్ధం చేయడం అదే మొదలు. దిగింది ఒక బెటాలియన్, అదీ నిండుగా లేదు. రేడియోలో బ్రిగేడే, అంటే దానికి మూడింతల బలగం, దిగిందని చెప్పారట! అవతలివాళ్ళు అది నమ్మి కదల్లేదని చెప్పుకుంటారు. చివరికి అక్కడ వేలమంది పాకిస్తాన్ సైనికులు ఆయుధాలు కింద పెట్టారు.

ఇక్కడ నుంచి నేను రాసుకొచ్చిన కాయితం ప్రకారం 1975 కమిటీ గురించి చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు. సిల్హెట్ అనగానే నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు. అసలు నేను ఈ సభకి ఒప్పుకున్నదే అందుకు. అధ్యక్షుల వారు క్షమించాలి.

మా చిన్నాయన బెంగళూరు మద్రాస్ సాపర్స్‌లో సిపాయి. సాపర్ల పని వాగుల మీద వంతెనలు కట్టడం, మందుపాతరలు ఏరడం. ఆ డిసెంబర్లో సిల్హెట్ వైపే ఉన్నాడు. యుద్ధం గురించి అడిగితే తుపాకుల మాట ఎత్తేవాడు కాదు. 'నీళ్ళురా, ఎటు చూసినా నీళ్ళే, కాళ్ళు నాని పుచ్చిపోయినాయి' అనేవాడు. జనరల్ గారిని ఒకసారి జీపులో చూశాడట. 'మనోడే, తెలుగోడే అన్నారు, ముఖం మాత్రం ఆనలేదు' అనేవాడు. ఆయనా మన ఫ్లెక్సీ లాగే!

1974 సంక్రాంతికి లీవులో వచ్చాడు. నేను ఆరో తరగతి. పలమనేరు రోడ్డులో బస్సు దిగి, నెత్తిన నల్ల ట్రంకు పెట్టె, ఒంటి మీద యూనిఫాం, గుండె మీద పూర్వీ స్టార్, ఆ యుద్ధంలో తూర్పు వైపు పోయినవాళ్ళకిచ్చిన మెడల్. బస్సు కోసం ఎదురుచూస్తూ నేను అక్కడే ఉన్నా. స్టాపు దగ్గర టీ అంగడి. బల్ల మీద గాజు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. చిన్నాయన వాటి వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా పోయి చూరులో దోపిన సత్తు గ్లాసు తీశాడు. మా వాడ వాళ్ళ గ్లాసు. తొట్టి దగ్గర కడిగాడు. అంగడాయన ఎత్తుగా పట్టి టీ పోశాడు. నిలబడి తాగాడు. మళ్ళీ కడిగాడు, వేలు లోపలికి పెట్టి చుట్టూ తిప్పి, మిలిటరీ వాడు కదా, తళతళలాడేట్టు కడిగి, తీసిన చోటే దోపాడు. చిల్లర అరుగు మీద పెట్టాడు. చేతికిస్తే తీసుకోరు.

టీ తోటల్లో వంతెనలు కట్టి వచ్చిన మనిషి.

సైన్యంలో ఒకే వంటశాల, లంగరు అంటారు దాన్ని, ఒకే డేగిసా. కూర్గువాడు, తమిళుడు, మా చిన్నాయన ఒకే పళ్ళెంలో తిన్నారు. అయిదారొందల మైళ్ళు రైల్లో వచ్చి బస్సు దిగేసరికి మళ్ళీ చూరు కింద గ్లాసు. నాకు ఏడుపొచ్చింది. చిన్నాయనకి రాలేదు. లేదా నాకు కనబడలేదు.

ఉండండి, ఇంకా ఉంది. ఆ రాత్రి, ఊరు సద్దుమణిగాక, మా గుడిసె బయట ఎవరో దగ్గారు. అదే టీ అంగడాయన. 'మిలిటరీ, తెచ్చినావా?' అని గొంతు తగ్గించి అడిగాడు. చిన్నాయన ట్రంకు పెట్టె తెరిచి, మడత పెట్టిన స్వెట్టర్ల మధ్య నుంచి క్యాంటీన్ రమ్ము సీసా తీసిచ్చాడు. ఆయన చేత్తోనే అందుకున్నాడు. వేలికి వేలు తగిలింది, నేను చూశాను. సీసాకి అంటు లేదు!

ముందు వరసలో నవ్వుతున్నారు. నవ్వండి. మీ అందరి ట్రంకు పెట్టెల్లో ఆ సీసాలు ఉండేవని నాకు తెలుసు.

చిన్నాయన తాగడు. కానీ ప్రతి లీవుకీ రెండు సీసాలు మోసుకొచ్చేవాడు. మా చిన్నమ్మ ఒకసారి గట్టిగా తగులుకుంది, వాళ్ళకెందుకు పోస్తావని. ఆయన అన్నది ఇదే: 'దానికోసమైనా మన వాకిట్లోకి వస్తారు గదే.'

రెండో చీటీ. సరే, మిగతాది పరుగు మీద చెబుతాను. 1975లో సైన్యాన్ని ఎట్లా మార్చాలో చూడమని వేసిన కమిటీకి కృష్ణారావు గారే అధ్యక్షుడు. 1981 జూన్ 1 నుంచి 1983 జూలై 31 వరకు ఆర్మీ ఛీఫ్. రిటైరయ్యాక నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకి గవర్నరు. కాశ్మీర్‌కి రెండుసార్లు, 1989లో ఒకసారి, 1993 నుంచి 1998 వరకు ఇంకోసారి. కాశ్మీర్ మండిపోతున్న రోజులవి. 1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన జెండా పండుగ సభలో ఉండగా బాంబులు పేలాయి. మనుషులు పోయారు, ఆయన బతికారు. 1996లో అక్కడ ఎన్నికలు జరిగాయి. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో సభకి సరిపడే విషయం. నేను టైమంతా టీ అంగడి దగ్గర గడిపేశాను.

2016 జనవరి 30న ఢిల్లీలో పోయారు. 92 ఏళ్ళు. మర్నాడు పేపర్లో ఫోటో వేశారు. అప్పుడు చూశాను ఆయన ముఖం. చిన్నాయనకి చూపిద్దామంటే అప్పటికే ఆయన లేడు.

ఇందాక పిలవమన్న పెద్దలు వచ్చినట్టున్నారు, వారికీ నమస్కారం. మూడో చీటీ కూడా వచ్చింది. దాన్ని చదవకుండానే కూర్చుంటున్నాను.