ఫోన్ చెప్పే వాన శాతం మాసూళ్లకు పనికొస్తుందా?

నమస్కారం అండి. ఈసారి రివ్యూ ఒక్క అంకె మీద. ఫోన్‌తో పాటే వచ్చే వాతావరణం యాప్‌లో మేఘం బొమ్మ పక్కన 30% అని ఉంటుంది చూడండి, అదే.

దాళ్వా మాసూళ్లప్పుడు, అంటే రెండో పంట వరి కోతలు, నూర్పిళ్లప్పుడు, మన కోనసీమలో దీన్ని తిట్టని వాళ్లుండరు. "ముప్పై శాతమే అన్నాడు, ధాన్యమంతా తడిసిపోయింది" అంటారు. ముప్పై అంటే వాన రాదని కాదండీ. 30% అని చూపించిన రోజులన్నీ కలిపి చూస్తే, పదింటికి సుమారు మూడింట్లో వాన పడాలి. మీ ధాన్యం తడిసింది ఆ మూడింట్లో ఒకనాడు. సంభావ్యత అంటే ఇదే. సున్నా అయితే జరగదు, వంద అయితే జరిగి తీరుతుంది, మధ్యలో ఉన్నదంతా ఎన్నింటికి ఎన్ని అన్న లెక్క.

కాబట్టి ఒక్క రోజు చూసి యాప్ మంచిదో చెడ్డదో తేల్చలేం. దీనికి గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త 1950లో ఒక పద్ధతి చెప్పాడు. వాన పడితే 1, పడకపోతే 0 వేసుకోండి. దానికీ యాప్ అంచనాకీ తేడా ఎంతో చూసి వర్గం చేయండి, అంటే దాన్ని దానితోనే గుణించండి. 70% అన్నాక వాన పడితే 0.3 వర్గం, అంటే 0.09. పడకపోతే 0.49. సీజనంతా రాసి సగటు తీస్తే ఎంత తక్కువొస్తే అంత మంచిది. రోజూ కళ్లు మూసుకుని 50% అనేవాడికి కూడా 0.25 వస్తుంది. మీ యాప్‌కి అంతకంటే ఎక్కువొస్తే డిలీట్ చేసేయండి, మొహమాటం అక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ధాన్యం కొనాలంటే తేమ 17 శాతం మించకూడదంటారు, అంతకి దిగాలంటే ఒక్క ఎండ చాలదు కదా. మూడు రోజులు రోడ్డు మీద ఆరబోశారు, యాప్ రోజుకి 30% చూపిస్తోంది అనుకోండి. ఒక్కసారైనా తడిసే అవకాశమెంత? కొందరు 30 అంటారు, కొందరు మూడూ కూడేసి 90 అంటారు. రెండూ కాదు. వాన రాని అవకాశం రోజుకి 0.7. దాన్ని మూడుసార్లు గుణిస్తే 0.343. 1లోంచి తీసేస్తే 0.657. దాదాపు 66%!

అయితే ఇలా గుణించాలంటే ఈరోజు వానకీ రేపటి వానకీ సంబంధం ఉండకూడదు. పుస్తకాల్లో స్వతంత్ర ఘటనలు అంటారే, అలా ఉండాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే అలా ఎక్కడుంటుంది? వాన రోజులు గుంపుగా వస్తాయి, పొడి రోజులూ అంతే. అందుకని అసలు అవకాశం 66 కంటే తగ్గుతుంది, 30కి మాత్రం పైనే ఉంటుంది. నేను చూసిన యాప్ ఈ లెక్క చెప్పదు. రైతుకి కావలసిందేమో అదే.

మరి బరకాలు (టార్పాలిన్లు) కప్పాలా వద్దా? ఖర్చుని నష్టంతో భాగించండి. బరకాల అద్దె, కూలీ కలిపి 1,000 రూపాయలు, తడిస్తే పోయేది 10,000 అనుకుందాం. పదో వంతు, అంటే 10%. యాప్ అంకె అది దాటిందా, కప్పేయడమే. 30% చూసి "ఏం రాదులే" అనడం కుదరదు.

యాప్ నెల సగటు వర్షపాతం కూడా చూపిస్తుంది గానీ, ఒక్క తుఫాను ఏడాది ఆ సగటుని పైకి లాగేస్తుంది. మధ్యగతం, అంటే ఏళ్ల అంకెలన్నీ వరుసలో పెడితే నడిమధ్యన వచ్చేది, ఇచ్చుంటే బాగుండేది.

రోజువారీ శాతానికి ఐదుకి నాలుగు ఇస్తాను. మాసూళ్లకైతే రెండున్నరే.