శాట్ స్కోర్లలో ఏది పంపాలి, ఏది ఆపాలి? | అట్లాంటా నుంచి మన ముచ్చట్లు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వెనకాల బొమ్మల కొలువు ఇంకా తియ్యలేదు, ఏమనుకోకండి. ఇంట్లో ట్వెల్త్ గ్రేడ్ పిల్లాడుంటే అక్టోబర్ ఇలాగే ఉంటుంది. మా జార్జియా పిల్లలకి జార్జియా టెక్ యూనివర్సిటీ ఎర్లీ యాక్షన్‌కి, అంటే ముందుగా అప్లై చేసే విడతకి, గడువు 15వ తేదీ. శాట్ లాంటి కాలేజీ ప్రవేశ పరీక్ష స్కోరు తప్పనిసరి. ఇక రాత్రి అన్నాలయ్యాక రోజూ ఇంట్లో ఇదే పంచాయితీ.

ఇదిగో, శాట్ పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్‌లో మా వాడి పేజీ. మార్చిలో రీడింగ్ 700, మ్యాథ్స్ 760. ఆగస్టులో రీడింగ్ 740కి ఎక్కింది, మ్యాథ్స్ 730కి జారింది. మొత్తం చూస్తే 1460, 1470. మా వారు చూడగానే "ఆగస్టుది ఎక్కువుంది, అదే పంపెయ్" అన్నారు. ఎంసెట్ కాలం మనుషులం కదండీ, పెద్ద నంబరు మీదే కన్ను పడుతుంది.

కానీ జార్జియా టెక్ సూపర్‌స్కోర్ చేస్తుంది. అంటే ఏ తేదీలో ఏ సెక్షన్ బాగుంటే అది తీసుకుంటుంది. 740, 760 కలిపితే 1500! మరి మార్చి మ్యాథ్స్ ఒక్కటే పంపొచ్చా అంటే, కుదరదు. ఏ స్కోరు పంపాలో ఎంచుకునే స్కోర్ చాయిస్‌లో మనం ఎంచుకునేది తేదీనే, ఆ రోజు రాసిందంతా వెళ్తుంది. కాబట్టి రెండు తేదీలకీ టిక్కు పెట్టాం. ఆ 700 కూడా వాళ్ళ కంట పడుతుందిగా అని మా వాడు సణిగాడు. పడనివ్వరా నాన్నా, వాళ్ళు చూసేది పైనున్నదే అన్నాను.

అయితే ఈ 1500 అన్నిచోట్లా చెల్లదు. మన రాష్ట్రంలో ప్రభుత్వమిచ్చే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కి, హోప్ అనే ఇంకో రాష్ట్ర స్కాలర్‌షిప్‌కి కట్టే లెక్కలో జీపీఏ (స్కూల్ మార్కుల సగటు) 3.7తో పాటు శాట్ 1200 ఉండాలి, అదీ ఒకే రోజు పరీక్షలో రావాలి. మా వాడికి ఇబ్బంది లేదు గానీ, ఆ అంచున ఉన్న పిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోండి.

మిగతా కాలేజీలు ఒక్కొక్కటీ ఒక్కో తీరు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు అడ్మిషన్‌కి అసలు స్కోరే చూడవు, అక్కడ దీని గురించి గింజుకోవడం దండగ. ఎంఐటీ 2022లోనే పరీక్ష మళ్ళీ తప్పనిసరి అంది, 2024లో హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్ కూడా అదే దారి పట్టాయి. జార్జ్‌టౌన్ అయితే రాసినవన్నీ పంపమంటుంది, అక్కడ దాచుడు లేదు.

అసలు తలనొప్పి టెస్ట్ ఆప్షనల్ వాటితోనే, అంటే స్కోరు పంపినా పంపకపోయినా మన ఇష్టం అనే కాలేజీలతో. "1500 దాటకపోతే ఎక్కడా పంపొద్దు" అని వాట్సాప్ గ్రూపులో ఒక అంకుల్ తీర్పు ఇచ్చేశారు. నేను ఒప్పుకోనండీ. ప్రతి కాలేజీ పేరుతో కామన్ డేటా సెట్ అని వెతకండి, అది కాలేజీ తన వివరాలు పెట్టే పత్రం, అందులో సీ9 అనే భాగంలో అక్కడ చేరిన పిల్లల స్కోర్లు ఉంటాయి. 25వ పర్సెంటైల్ (నూటికి పాతిక మంది ఆ స్కోరులోపే ఉంటారన్నమాట) కంటే కింద ఉంటే ఆపేస్తాం, 75 పైన ఉంటే కళ్ళు మూసుకుని పంపేస్తాం. మధ్యలో ఉంటే? మా వాడు కంప్యూటర్ సైన్స్‌కి పెడుతున్నాడు, 760 మ్యాథ్స్ వాడి తరఫున మాట్లాడుతుంది, నేనైతే పంపేస్తాను. ఒక్కటి మాత్రం చూసుకోండి: పంపినవాళ్ళ స్కోర్లే ఆ లెక్కలో ఉంటాయి, అందుకే ఆ అంకెలు కాస్త ఎత్తుగా కనిపిస్తాయి.

శాట్ లాంటిదే ఇంకో పరీక్ష యాక్ట్, అది కూడా రాసిన పిల్లలుంటే రెండూ పంపక్కర్లేదు. యాక్ట్ 34 దాదాపు శాట్ 1500తో సమానం. మా ఫ్రెండ్ వాళ్ళ పాపకి శాట్ 1440, యాక్ట్ 34. యాక్ట్ ఒక్కటే పెట్టింది, హాయిగా.

ఇంకోటి, శాట్ రాస్తే నాలుగు కాలేజీలకి స్కోరు ఫ్రీగా పంపే ఆ నాలుగు ఫ్రీ రిపోర్టులు. పరీక్ష అయిన తొమ్మిది రోజుల్లోపు కాలేజీల పేర్లివ్వాలి, స్కోరేమో ఆ తర్వాత గానీ రాదు. ఫ్రీ కదా అని చూడకుండా పంపడం నాకైతే నచ్చదు. పైగా చాలా కాలేజీలు ముందు అప్లికేషన్‌లో మనం స్కోరు టైప్ చేస్తే చాలంటాయి, అసలు రిపోర్టు సీటు వచ్చి చేరేటప్పుడే అడుగుతాయి. ఎవరికి ఏది కావాలో వాళ్ళ అడ్మిషన్స్ పేజీలో ఉంటుంది. మా లిస్టులో ఇంకా రెండు ఆప్షనల్ కాలేజీల దగ్గర తండ్రీకొడుకుల వాదన తెగలేదు, నేను మాత్రం పడుకోబోతున్నాను.