గుండునూలు పట్టిన చెయ్యి
(గోడలు లేస్తున్న ఒక చిన్న ప్రార్థనా మందిరంలో, సంఘ వార్షిక కూడికలో చేసిన ప్రసంగం)

పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, సంఘ పెద్దలకు, కూలి పని ఒక పూట మానుకుని వచ్చి ఈ చాపల మీద కూర్చున్న అమ్మలకు, అక్కలకు, తమ్ముళ్ళకు ప్రభువు పేరట వందనాలు.

నన్ను పిలవడానికి ఫోను చేసిన తమ్ముడు ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, మాది బొత్తిగా చిన్న సంఘం. పంతొమ్మిది మందిమి. గోడలు కూడా లేవలేదు. మీరేమీ అనుకోకపోతే ఒకసారి వచ్చిపోండి" అన్నాడు. "ఏమీ అనుకోకపోతే" అనడంలో సిగ్గు ఉంది. పెళ్ళివారు వచ్చే వేళకి ఇంట్లో కుర్చీలు సరిపోకపోతే పడే సిగ్గు లాంటిదది. ఈ పూట నేను మాట్లాడేది ఆ సిగ్గు గురించే.

చిన్న ఆరంభాలంటే అయ్యగారు ఆవగింజ ఉపమానం ఎత్తుకుంటాడని మీరు సిద్ధంగా ఉండి ఉంటారు. ఆవగింజ జోలికి నేను పోను. మీ పాస్టరు గారు ఈ ఏడాదిలో ఎన్నిసార్లు చెప్పారో మీకే తెలుసు. బైబిళ్ళు తీయండి. జెకర్యా గ్రంథం, నాలుగో అధ్యాయం, పదో వచనం. "కార్యములు అల్పములై యున్న కాలమును తృణీకరించిన వారెవరు?"

తృణం అంటే గడ్డిపరక. తృణీకరించడమంటే గడ్డిపరక కింద తీసిపారేయడం. మన తెలుగు బైబిల్లో ఈ మాట భలే పడింది. దీన్ని గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో ఇంకోచోట ఎదురొస్తుంది.

ఎవరిని అడుగుతున్నాడు జెకర్యా ప్రవక్త ఆ మాట? బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదా జనాన్ని. వాళ్ళ నాయకుడు జెరుబ్బాబెలు వాళ్ళని తీసుకొచ్చి యెరూషలేములో మందిరానికి పునాది వేయించాడు. ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయం చదివితే ఆ రోజు ఒక వింత జరిగింది. కుర్రవాళ్ళు సంతోషంతో కేకలు వేస్తుంటే, సొలొమోను కట్టించిన పాత మందిరాన్ని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు బావురుమన్నారు. ఏది ఏడుపో ఏది సంతోషమో విన్నవాళ్ళకి తెలియలేదట. ఆ ముసలివాళ్ళని నేను తప్పుపట్టను. భక్తితోనే ఏడ్చారు. కానీ ఆ ఏడుపు పునాది వేసేవాళ్ళ చేతుల్లో బలం తీసేస్తుంది.

తర్వాత పని ఆగిపోయింది. పక్కవాళ్ళు ఫిర్యాదులు రాశారు, రాజాజ్ఞ వచ్చింది, ఆపారు. పదిహేనేళ్ళ పైమాట! ఆ పదిహేనేళ్ళూ ఊరికే కూర్చున్నారా అంటే లేదు, సొంత ఇళ్ళు కట్టుకున్నారు. హగ్గయి ప్రవక్త వచ్చి "సరంబీ వేసిన ఇండ్లలో", అంటే చెక్క పలకలు వేసిన ఇళ్ళలో, ఉంటున్నారే అని నిలదీశాడు. క్రీస్తుకు పూర్వం 520లో పని మళ్ళీ మొదలైంది, 516లో పూర్తయింది. జెకర్యా మాట ఆ నడిమి కాలంలోది, గోడలు సగంలో ఉన్నప్పటిది. అచ్చం మీ గోడల్లాగే.

ఇప్పుడు అదే వచనంలో రెండో సగం చదవండి. మనం ఎప్పుడూ మొదటి సగం కాగితం మీద రాసి గోడకి అంటించి, రెండోదాన్ని వదిలేస్తాం. యెహోవా కన్నులు ఏం చూసి సంతోషిస్తాయని ఉంది? పూర్తయిన మందిరాన్ని చూసా? కాదు. "జెరుబ్బాబెలు చేతిలో గుండునూలుండుట చూచి."

గుండునూలు అంటే ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు. మా నాన్న తాపీ మేస్త్రి. ఆయన సంచిలో తాపీతో పాటు, గోడ నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి దారానికి వేలాడే ఇనప గుండు ఒకటి ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఇటుకలు అందించేవాణ్ణి. నాలుగు వరసలు లేవగానే ఆయన పని ఆపి, దారాన్ని బొటనవేలికి చుట్టుకుని, గుండు వదిలి, అది ఊగడం మానేదాకా ఒక కన్ను మూసి చూసేవాడు. నాకు విసుగొచ్చేది. నాలుగు వరసలకి ఇంత చూడాలా, ఎత్తు లేచాక చూడొచ్చుగా అనేవాణ్ణి. "ఎత్తు లేచాక చూస్తే ఏం చేస్తావురా, పడగొడతావా?" అనేవాడు. ఒకసారి అరంగుళం తేడా వచ్చిందని సిమెంటు ఆరని మూడు వరసలు చేత్తోనే ఊడదీశాడు. ఇంటి యజమాని పక్కనే నిలబడి, ఇంత చిన్నదానికి ఎందుకు మేస్త్రీ అంటున్నా వినలేదు.

దేవుడు సంతోషించింది అలాంటి చెయ్యి చూసి. చిన్నది రేపు పెద్దదవుతుంది కాబట్టి దాన్ని గౌరవించండి అని మనం చెప్పుకుంటాం. అది వ్యాపారి మాట. రేపటి లాభం చూసి ఇవాళ పెట్టే పెట్టుబడి. జెకర్యా అలా అనడం లేదు. గోడ ఎంత లేచిందో కాదు, నిటారుగా లేస్తోందా అన్నదాని మీదే ఆ కన్నులు ఉన్నాయంటున్నాడు.

ఇది ఎక్కడో యెరూషలేములో జరిగిన కథ, మనకేం సంబంధం అనుకుంటారేమో. మన ఒంగోలుకే రండి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. 1840లో నెల్లూరు చేరింది. ఏళ్ళు గడిచినా బాప్తిస్మాలు వేళ్ళ మీద లెక్క పెట్టేటట్టే ఉన్నాయి. ఇక ఇది దండగ, మూసేద్దాం అని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మూడుసార్లు చర్చకు పెట్టారు. ప్రపంచ పటం మీద తెలుగు దేశంలో ఒకే ఒక్క చుక్క ఉండేదని దానికి ఒంటరి నక్షత్రం అని పేరు వచ్చింది. ఇప్పుడు గౌరవంగా చెప్పుకుంటున్నాం గానీ, ఆ రోజుల్లో అది జాలి పేరు.

అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న, ఇంకా తెల్లవారకముందే, ఒంగోలులో ఒక కొండ ఎక్కింది ఐదుగురు. నెల్లూరు నుంచి సువార్త పర్యటనకు వచ్చినవాళ్ళు. లైమన్ జెవెట్ దొర, ఆయన భార్య, నర్సయ్య, జూలియా, రూతు. ముగ్గురు తెలుగువాళ్ళు, ఇద్దరు దొరలు. ఒంగోలులో అప్పటికి వాళ్ళకి సంఘమూ లేదు, సెంటు భూమీ లేదు. పాట పాడారు, యెషయా 52వ అధ్యాయంలో పర్వతాల మీద సువార్తికుని పాదాలు ఎంత సుందరమో ఉన్న చోటు చదివారు, ఒకరి తర్వాత ఒకరు మోకరించారు. తర్వాత జెవెట్ దొర కింద నాగజెముడు కమ్మేసిన ఒక మెరక చూపించి, మన బంగళా అక్కడుంటే బాగుంటుంది కదా అని జూలియాను అడిగాడని చెబుతారు. నాగజెముడు పొద! ఒంగోలు వెళ్ళినప్పుడు ప్రార్థన కొండ ఎక్కండి. అక్కడ నిలబడితే ఐదుగురు అంటే ఎంత తక్కువో తెలుస్తుంది.

మరుసటి ఏడాదికల్లా బంగళా లేచిందా? ఏమీ జరగలేదు. పన్నెండేళ్ళు ఏమీ జరగలేదు. 1862లో జెవెట్ దొర ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే, అక్కడ మళ్ళీ మూసేసే మాటే. మీరు పంపకపోయినా నేను వెళ్తాను, అక్కడే చచ్చిపోతాను అన్నాడాయన. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి పంపాలి అని మిషన్ కార్యదర్శి అన్నాడట. అలా వచ్చినవాడే జాన్ క్లౌ. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. కొండ ఎక్కిన రోజు నుంచి లెక్కపెడితే సరిగ్గా పదమూడేళ్ళు. సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది. తమ్ముడూ, మీరు పంతొమ్మిది మంది. వాళ్ళ కంటే పదకొండుమంది ఎక్కువ!

ఆ నెలలోనే క్లౌ దొర తాళ్ళకొండపాడు వెళ్ళాడు. ఒంగోలుకి దాదాపు నలభై మైళ్ళు. అక్కడ ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరం దిక్కుకి వెళ్ళి, ఏలూరు వైపు సువార్త విని వచ్చినవాడు. ఆయన చెప్పగా విన్న జనం చుట్టుపక్కల పల్లెల నుంచి దుప్పట్లు, వంట సామాను మోసుకుని వచ్చారు, నేర్చుకునేదాకా పోము అని. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

అప్పుడు ఒంగోలులో చిక్కు వచ్చింది. పట్నంలో పెద్ద కులాలవాళ్ళు కొందరు క్లౌ దొర దగ్గరికి వస్తూ పోతూ ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఆలోచించండి, ఎంత సులువైన దారి ఉందో! పలుకుబడి ఉన్నవాళ్ళు ముందు వస్తే పని చకచకా సాగుతుంది. మనమైతే ఏం చేసేవాళ్ళం? క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తీస్తే, ఇద్దరికీ ఒకే చోటు తెరుచుకుందని ఆయనే చెప్పుకున్నాడు. మొదటి కొరింథీ, ఒకటో అధ్యాయం. "లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకొనియున్నాడు." తృణీకరింపబడినవారిని. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇదే. గడ్డిపరక కింద చూడబడ్డవాళ్ళు. మన తాతముత్తాతలు.

క్లౌ దొర గుండు వదిలి చూసుకున్నాడు. గోడ నిటారుగా ఉండాలంటే ఎవరిని ముందు చేర్చుకోవాలో తేల్చుకున్నాడు.

ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాను, నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాతు కరువు. మన నానమ్మల నానమ్మలు చెప్పుకున్న కరువు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలి జనానికి పని ఇచ్చాడు. మిషనరీ కాకముందు ఆయన సర్వే పని చేసినవాడే, కొలతలు తెలుసు. మన బోధకులు మేస్త్రీలుగా ఉండి, పని ఆగినప్పుడు వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. వందలు కాదు, వేలు. ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తెలియాలంటే, కరువు పోవాలి, కూలి డబ్బులు ఆగిపోవాలి, అప్పుడు చూద్దాం అన్నాడు.

మనం ఓర్పు అంటే జనం రానప్పుడు పట్టే ఓర్పే అనుకుంటాం. జనం వచ్చి తలుపు కొడుతుంటే గుండు ఊగడం మానేదాకా నిలబడటం ఇంకా పెద్ద ఓర్పు.

కరువు తీరింది, పనులు ఆగాయి. జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఇచ్చింది ఆరుగురు మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే వంతులు మార్చుకుంటూ. ఈ అంకె మీరు చాలాసార్లు వినే ఉంటారు, మన ప్రసంగీకులకి మహా ఇష్టం. నాకు మాత్రం దానికి ముందు ఉన్న సున్నా ఎక్కువ ఇష్టం. పదిహేను నెలల సున్నా.

ఇదంతా చెప్పే అర్హత నాకుందా అంటే, లేదు. ఉద్యోగంలో ఉండగా మా వీధిలో సండే స్కూలు పెట్టాను. ముగ్గురు పిల్లలు వచ్చేవాళ్ళు. ఎనిమిది వారాలు చూసి, ముగ్గురి కోసం ఆదివారం పూట పాడు చేసుకోవడం దేనికి అని మానేశాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి బస్సులో కనపడి, "మాస్టారూ, మీరు నేర్పిన కీర్తన మా పాపకి నేర్పాను, రెండో చరణం మాత్రం మీరు చెప్పకుండానే మానేశారు" అంది. నవ్వుతూనే అంది. నాకు దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

సరే, పొద్దెక్కుతోంది, వంట దగ్గర అమ్మలు చూస్తున్నారు. ఆ పడమటి గోడ కడుతున్న తమ్ముడు ఎక్కడున్నాడు? ఇటు రా నాయనా, సిగ్గుపడకు. వచ్చేటప్పుడు చూశాను, మోకాలెత్తు లేపావు. ఇదిగో, మా నాన్న గుండు. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో అటక మీదే ఉంది. తుప్పు గీకించాను, దారం కొత్తది కట్టాను. ప్రార్థన అయ్యాక ఇద్దరం కలిసి ఒకసారి పట్టి చూద్దాం.