పునర్విభజన చర్చను రాసి చూసినప్పుడు

నమస్కారం. ఈ రోజు నేను నియోజకవర్గాల పునర్విభజన గురించీ, అంటే జనాభా లెక్కల ప్రకారం లోక్‌సభ స్థానాలను రాష్ట్రాల మధ్య మళ్లీ పంచి సరిహద్దులు మళ్లీ గీయడం గురించీ, ఆ విషయం మీద బ్లాగులో రాస్తున్నప్పుడు నాకు అర్థమైన కొన్ని సంగతుల గురించీ మాట్లాడతాను. దక్షిణాదికి అన్యాయం జరుగుతుందా, జరగదా అన్నది ఒక్క మాటలో చెప్పకుండా ఇన్ని టపాలు ఎందుకని కొందరు పాఠకులు అడిగారు. ఆ ఒక్క మాట నా దగ్గర ఉంది, దాన్ని ఈ వీడియోలో చెబుతాను కూడా. అయితే ఆ మాటకు చేరుకునే దారిని చూపించకుండా దాన్ని మీ చేతిలో పెడితే, రేపు మరొకరు అంతే గట్టిగా దానికి వ్యతిరేకమైన మాట చెప్పినప్పుడు మీ దగ్గర దేన్ని పట్టుకుని ఆలోచించాలో మిగలదు.

రాయడం మొదలుపెట్టేటప్పుడు నేను పెట్టుకున్న నియమం, ముందుగా చట్టం ఏమి చెబుతోందో నా సొంత వాక్యాల్లో రాయడం. రాజ్యాంగం 81వ అధికరణం ప్రకారం ఒక రాష్ట్రానికి కేటాయించే లోక్‌సభ స్థానాలకూ ఆ రాష్ట్ర జనాభాకూ మధ్య నిష్పత్తి, సాధ్యమైనంత వరకు, అన్ని రాష్ట్రాలకూ సమానంగా ఉండాలి. ప్రతి జనగణన తర్వాత ఈ కేటాయింపును సరిచేయాలని 82వ అధికరణం చెబుతుంది. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన 42వ సవరణ ఆ సరిచేయడాన్ని 2000 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా నిలిపివేసి, 1971 జనాభా లెక్కలనే ప్రాతిపదికగా ఉంచింది. ఆ తర్వాత 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. మధ్యలో 2008 నాటి పునర్విభజనలో 2001 లెక్కల ప్రకారం నియోజకవర్గాల సరిహద్దులు మారాయి గాని, ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలన్నది మారలేదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల, 2008లో జరిగినదే మళ్లీ జరుగుతుంది, దీనికింత భయం ఎందుకు అనే వాదన వినిపిస్తుంది. అది సరైన పోలిక కాదు. అప్పుడు ఒక రాష్ట్రం లోపలి గీతలే మారాయి. ఇప్పుడు చర్చకు వచ్చినది రాష్ట్రాల మధ్య వాటా.

రెండో నియమం కష్టమైనది. నాకు నచ్చని వాదనను దాన్ని నమ్మేవారు చదివి, అవును మేము చెప్పేది ఇదే అని ఒప్పుకునేటంత బలంగా రాయాలి. పునర్విభజన విషయంలో ఆ వాదన, స్థానాలను జనాభా ప్రకారమే పంచాలన్నది. ఆ పేరా రాయడానికి నాకు చాలా సమయం పట్టింది, ఎందుకంటే అంకెలు ముందు పెట్టుకున్నాక ఆ వాదన నేను అనుకున్నదానికంటే బలమైనదని తేలింది. 1971లో దేశ జనాభా సుమారు 55 కోట్లు. 543 స్థానాలతో భాగిస్తే ఒక్కో ఎంపీ సగటున 10 లక్షల మందికి ప్రతినిధి అవుతారు. 2011 నాటికి జనాభా 121 కోట్లు దాటింది, అంటే ఒక్కో ఎంపీకి సగటున 22 లక్షల మంది. ఈ సగటు వెనక రాష్ట్రాల మధ్య పెద్ద అంతరం ఉంది. 2011 లెక్కల ప్రకారం రాజస్థాన్‌లో ఒక్కో ఎంపీకి 27 లక్షల మందికి పైగా ఉన్నారు, బిహార్‌లో 26 లక్షల మంది, ఉత్తరప్రదేశ్‌లో సుమారు 25 లక్షల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20 లక్షల మంది, తమిళనాడులో పద్దెనిమిదిన్నర లక్షల మంది, కేరళలో 17 లక్షల కంటే తక్కువ. బిహార్‌లో పుట్టిన ఒక వ్యవసాయ కూలీ, నా ఓటు విలువ కేరళ ఓటరు ఓటు విలువలో మూడింట రెండు వంతులు మాత్రమే ఎందుకు ఉండాలి అని అడిగితే, మీ రాష్ట్రం కుటుంబ నియంత్రణ పాటించలేదు అనేది అతనికి ఇవ్వదగిన జవాబేనా? ఆ కూలీకి బడి, ఆసుపత్రి అందుబాటులో లేకపోవడానికి కారణమైన ప్రభుత్వాల వైఫల్యాన్ని అతని ఓటు మీద శిక్షగా మోపడం న్యాయం కాదు. ఈ మాట మన వైపు నుంచి ఎవరో ఒకరు స్పష్టంగా ఒప్పుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు. జనాభా నిష్పత్తినే అనుసరించి, చిన్న రాష్ట్రాలకున్న ప్రత్యేక కేటాయింపులను పక్కన పెట్టి, 2011 లెక్కలతో 543 స్థానాలను స్థూలంగా పంచి చూడండి. కేరళకు ఉన్న 20 స్థానాలు 15 అవుతాయి. తమిళనాడుకు ఉన్న 39 స్థానాలు 32 దగ్గర ఆగుతాయి. తెలంగాణకు 17, ఆంధ్రప్రదేశ్‌కు 25, కలిపి 42 ఉన్న చోట 38 మాత్రమే వస్తాయి. ఇది 2011 నాటి మాట. ఆ తర్వాత అంతరం ఏ దిశలో పోతుందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. ఆ సర్వేలో మొత్తం సంతానోత్పత్తి రేటు, అంటే ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 కాగా, ఉత్తరప్రదేశ్‌లో 2.4, బిహార్‌లో 3.0. కేంద్రం జాతీయ విధానంగా ప్రకటించిన జనాభా నియంత్రణను నిబద్ధతతో అమలు చేసిన రాష్ట్రాలు, ఆ అమలు కారణంగానే పార్లమెంటులో గొంతు కోల్పోవడం సమాఖ్య స్ఫూర్తికి తగినది కాదు. 1976లో స్థానాలను స్తంభింపజేసినప్పుడు చెప్పిన హేతువు కూడా ఇదే.

ఇక్కడ నాకు రాత చేసిన మేలు ఏమిటో చెప్పాలి. టీవీ చర్చల్లో తరచుగా వినిపించే హామీ ఒకటుంది: దక్షిణాది రాష్ట్రాలకు ఒక్క సీటు కూడా తగ్గదు. వినడానికి ఇది పూర్తి జవాబులా ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టి, కింద అంకెలు వేసుకున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు 25 స్థానాలు అలాగే ఉంచి, లోక్‌సభ మొత్తాన్ని 543 నుంచి, ఉదాహరణకు, 750కి పెంచారనుకుందాం. సీట్లు తగ్గలేదు, కాని సభలో రాష్ట్ర వాటా 4.6 శాతం నుంచి 3.3 శాతానికి పడిపోయింది. ఓటింగులో లెక్కకు వచ్చేది వాటాయే. ఇచ్చిన హామీ సీట్ల గురించి, ఉన్న ఆందోళన వాటా గురించి. రెండూ ఒకదానికొకటి తగలకుండా గంటసేపు చర్చ సాగిపోతుంది. మాట్లాడే వేగంలో జారిపోయే ఈ తేడా, వాక్యం రాసి దాని కింద మరో వాక్యం రాసేటప్పుడు జారిపోదు. నేను ఈ వీడియోలను కూడా పూర్తిగా రాసుకుని చదవడానికి కారణం అదే.

మన రెండు రాష్ట్రాల్లో దీనితో కలిసిపోయి గందరగోళం సృష్టిస్తున్న మరో విషయం అసెంబ్లీ స్థానాల పెంపు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీని 175 నుంచి 225కు, తెలంగాణ అసెంబ్లీని 119 నుంచి 153కు పెంచడం గురించి చెబుతుంది, కాని అసెంబ్లీ స్థానాల సంఖ్యను నిర్దేశించే రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి. వెంటనే పెంచాలని వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది; 2026 తర్వాతి జనగణన దాకా 170వ అధికరణం అందుకు అడ్డుగా ఉందని చెప్పింది. లోక్‌సభ వాటా తగ్గుతుందని ఆందోళన చెందే నాయకుల్లోనే కొందరు, అసెంబ్లీ స్థానాలు పెరగడం కోసం పునర్విభజన త్వరగా రావాలని కోరుకోవడం మనం చూస్తున్నాం. రెండు కోరికలూ అక్రమమైనవి కావు. కాని రెండూ ఒకే ప్రక్రియ మీద ఆధారపడి ఉన్నాయని ప్రజలకు విడమరచి చెప్పవలసిన బాధ్యత వారి మీద ఉంది, ఆ పని వారు చేయనప్పుడు రాసేవారి మీద పడుతుంది.

తెలుగులో ఇలాంటి రాత కొత్తది కాదు. లేఖిని లాంటి ఉపకరణాలు వచ్చి తెలుగు లిపిలో టైపు చేయడం సులువయ్యాక, బ్లాగులను ఒకచోట చూపే కూడలి లాంటి సంకలినుల ద్వారా ఒకరి టపాలు మరొకరికి చేరుతున్న రోజుల్లోనే, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం చేసిన 2009 డిసెంబరు 9 ప్రకటన, ఆ తర్వాత శ్రీకృష్ణ కమిటీ, ఆ కమిటీ ఆరు ప్రత్యామ్నాయాలతో ఇచ్చిన నివేదిక, ఇవన్నీ జరిగాయి. ఆనాటి రాష్ట్ర విభజన చర్చలో నోరు జారినవారు రెండు వైపులా ఉన్నారు. కాని నదీజలాల కేటాయింపులనూ, 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందాన్నీ, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చిన ముల్కీ నిబంధనల చరిత్రనూ ఓపికగా పేర్చి రాసినవారు కూడా రెండు వైపులా ఉన్నారు, నేను రాజకీయాల గురించి చదవడం నేర్చుకున్నది వారి దగ్గరే. వారిలో చాలామంది తర్వాత సామాజిక మాధ్యమాల చిన్న వ్యాఖ్యలకు మళ్లారు. అది వారి ఇష్టం, తప్పుపట్టను. అయితే పునర్విభజన లాంటి ప్రశ్న దశాబ్దాల పాటు మనల్ని బంధించే ప్రశ్న, దానికి నిన్నటి వాక్యం ఈ రోజూ దొరికే చోటు కావాలి. అందుకే నా ప్రతి టపా పైన తేదీ ఉంటుంది, వాడిన జనాభా లెక్క ఏ సంవత్సరానిదో ఉంటుంది. చట్టమో తీర్పో మారితే పాత వాక్యాన్ని చెరపకుండా కింద కొత్త తేదీతో చేర్పు రాస్తాను, పాఠకుడు రెండూ చూసి తేల్చుకోవచ్చు.

వ్యాఖ్యల గురించి ఒక మాట. రాజకీయాలు రాస్తే దూషణ వస్తుంది. 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు, ఒక అభిప్రాయాన్ని చర్చించడానికీ సమర్థించడానికీ ఉన్న స్వేచ్ఛను, హింసకు రెచ్చగొట్టడం నుంచి వేరుచేసి చూపింది. ఆ గీత నాకు వ్యాఖ్యల పెట్టెలో కూడా ఉపయోగపడుతుంది. నన్ను తిట్టిన వ్యాఖ్య ఉంటుంది. ఒక ప్రాంతపు ప్రజలను మొత్తంగా కించపరిచే వ్యాఖ్యను మాత్రం తీసివేస్తాను, అది దక్షిణాది పక్షాన రాసినదైనా సరే.

ఇప్పుడు నా మాట. లోక్‌సభలో రాష్ట్రాల వాటాను ఇప్పుడున్న స్థాయి నుంచి తగ్గించకూడదనే పక్షాన నేను ఉన్నాను. అయితే బిహార్ కూలీ అడిగిన ప్రశ్నను పక్కకు నెట్టే పక్షాన లేను. ఈ రెండింటినీ కలపడానికి ఒక ఆధారం మన వ్యవస్థలోనే ఉంది. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పన్నుల వాటా పంచేటప్పుడు 2011 జనాభాకు 15 శాతం బరువు ఇచ్చింది, దానితో పాటు జనాభా నియంత్రణలో చూపిన ఫలితానికి 12.5 శాతం బరువు ఇచ్చింది. డబ్బు పంపకంలో జనాభా ఒక్కటే కొలమానం కాదని ఒప్పుకున్న దేశం, ప్రాతినిధ్యం పంపకంలో అలాంటి రెండో కొలమానాన్ని కనీసం చర్చించవచ్చు. ప్రాతినిధ్యం, నిధులు ఒకటే కావు, ఓటు సమానత్వం రాజ్యాంగ విలువ అనే అభ్యంతరం ఉంది, అది బలమైనది. దానికి జవాబుగా, లోక్‌సభలో జనాభాకు మరింత చోటిచ్చి, రాష్ట్రాలకు సమాన బలం ఉండే విధంగా రాజ్యసభను మార్చాలనే ప్రతిపాదన ఒకటి ఉంది. దాని మీద నాకు సందేహాలున్నాయి, ఎందుకంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుకు సంబంధించిన ద్రవ్య బిల్లుల విషయంలో రాజ్యసభకు సిఫారసు చేసే అధికారం తప్ప ఆపే అధికారం లేదు.

తర్వాతి టపా ఈ ప్రశ్నకే ముడిపడిన మహిళా రిజర్వేషన్ గురించి. 2023లో వచ్చిన 106వ సవరణ లోక్‌సభలోనూ అసెంబ్లీల్లోనూ మహిళలకు మూడింట ఒక వంతు స్థానాలు ఇస్తూ, వాటి అమలును తర్వాతి జనగణనకూ, దాని ఆధారంగా జరిగే పునర్విభజనకూ ముడిపెట్టింది. పునర్విభజనను వాయిదా వేయమని కోరేవారు, ఆ ముడి విప్పకుండా కోరితే, మహిళల స్థానాలను కూడా వాయిదా వేయమని కోరినట్టే అవుతుంది. నా పక్షం వారే ఎక్కువగా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది. దాని మీద మీ అభిప్రాయం రాయాలనుకుంటే, ఈ ముడి ఉన్న 334ఎ అధికరణం పాఠాన్ని ఒకసారి చదివి, దాన్ని ఉటంకిస్తూ రాయండి.