కనబడేచోట కొడితే తగలదు

శ్రోతలకు నమస్కారం. మూలపడ్డ ఉపగ్రహాలు, ఖాళీ అయిన రాకెట్ దశలు భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ లాంటి కేంద్రాల్లో వాటిమీదికి లేజర్ తళుకులు పంపి, తగిలి తిరిగొచ్చే వెలుగు కోసం కాచుకుంటారు. వెళ్లి రావడానికి పట్టిన సమయమే దూరం చెబుతుంది. తగిలితే కదా!

సాయంసంధ్య. నేలమీద చీకటి, పైనున్న రాకెట్ దశమీద ఇంకా ఎండ. కెమెరాలో చుక్క చక్కగా కనబడుతోంది. సరిగ్గా దానిమీదే గురిపెట్టి కొట్టారు. తగల్లేదు. ఎందుకు? అది నడినెత్తిన 1000 కిలోమీటర్ల పైన ఉందనుకోండి. దాని వెలుగు మన దాకా రావడానికి 3.3 మిల్లీసెకన్లు, మన లేజర్ పైకి పోవడానికి మరో 3.3. సెకనుకు 7.35 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ దశ ఈలోపు 49 మీటర్లు ముందుకు పోయింది. మన కిరణం వెడల్పు 5 ఆర్క్ సెకన్లయితే (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం), అంత ఎత్తున అది 24 మీటర్ల వలయం. అంటే చుక్కకు అటూ ఇటూ 12 మీటర్లే. కదిలే బస్సు ఎక్కేవాడిలా ముందుకే గురిపెట్టాలి, సుమారు 10 ఆర్క్ సెకన్లు ముందుకు.

ఇక గాలి. దిగంతానికి 20 డిగ్రీల పైన గాలి వెలుగును వంచి, ఆ చుక్కను రెండున్నర ఆర్క్ నిమిషాలు, అంటే 150 ఆర్క్ సెకన్లు, పైకెత్తి చూపిస్తుంది. కానీ లేజర్ కూడా అదే గాలిలో దాదాపు అంతే వంగుతుంది. కెమెరా చుక్కను పట్టుకుని పోతున్నప్పుడు ఈ వంపుకు చేసే వక్రీభవన సవరణ మళ్లీ కలిపారో, గురి గల్లంతే! ఎండ రంగుకూ లేజర్ రంగుకూ ఉన్న తేడావల్ల మిగిలేది ఒక ఆర్క్ సెకను చిల్లర. దూరం లెక్కలో మాత్రం, గాలిలో వెలుగు నెమ్మదించడంవల్ల వచ్చే జాప్యం తీసేయాల్సిందే: నడినెత్తిన 2.4 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 7 మీటర్లు. గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు 10 మిల్లీబార్లు తప్పు చూపినా నడినెత్తిన తేడా 2.4 సెంటీమీటర్లే. లేజర్‌ను తిప్పిపంపే అద్దాల్లేని ఈ అంతరిక్ష చెత్తకు దాని గురించి బెంగ అక్కర్లేదు.

అసలు తంటా ఇంకోచోట. టెలిస్కోపు వాలు, ఇనుము వంపు లాంటి తప్పులను నక్షత్రాలు చూసి పట్టికగా రాసుకుంటారు. అవి స్థిరమైనవి. ముందుగురి అలా కాదు, ముక్క పోయే దిక్కునుబట్టి మారుతుంది. ఒక ముక్కమీద చేత్తో సరిచేసిన 10 ఆర్క్ సెకన్లను ఆ పట్టికలో కలిపేస్తే, ఎదురు దిక్కున వచ్చే ముక్కకు దాదాపు 100 మీటర్లు వెనక కొడతారు. అందుకే ఉత్తరాన్నుంచి వచ్చేదాన్నొకటి, దక్షిణాన్నుంచి వచ్చేదాన్నొకటి వరసగా కొట్టి చూడండి. ఒకటి తగిలి రెండోది తప్పితే, ముందు ఆ పట్టిక తెరవండి.